కాలెట్: ఒక చిన్న మెడపట్టీ ఇన్ని పనులకు పేరెలా అయింది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వాచీల పని నేర్పే చోట కాలెట్ అంటే అటూ ఇటూ ఊగే చక్రమైన బ్యాలన్స్ వీల్ ఇరుసు మీద కూర్చునే చిన్న రింగు అని చెప్పారు. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ మీద పనిచేసే మీ అన్నయ్యకు కాలెట్ అంటే కట్టర్‌ను పట్టుకునే చీలికల గొట్టం. నగల పని వీడియోలో రాయి చుట్టూ ఉండే గూడును కాలెట్ అన్నారు. ఇవన్నీ ఒకే మాటా, లేక పేరు కలిసిన వేర్వేరు మాటలా? ఎక్కణ్ణుంచి వచ్చింది? ఫెర్రూల్ అన్నా ఇదేనా?

మూడూ ఒకే మాట. మీ అన్నయ్యా కరెక్టే, మీ మాస్టారూ కరెక్టే. కాకపోతే చాలామంది ఈ మాటను లేత్ (లోహపు కడ్డీని తిప్పుతూ చెక్కే యంత్రం) వైపు నుంచి చూసి, 'పట్టుకునేది' అన్నదే అసలు అర్థమనీ మిగతావన్నీ దాని కొమ్మలనీ అనుకుంటారు. నేను టూల్ రూమ్‌లో చాలాకాలం పనిచేసి, తర్వాత సాంకేతిక పుస్తకాల అనువాదంలోకి వచ్చినవాణ్ణి. రెండు వైపుల నుంచీ చూశాక నాకు తేలిందేమిటంటే, ఈ మాటలో మొదట పట్టు లేదు, ఆకారం మాత్రమే ఉంది. పట్టును దానికి పనివాళ్లు తర్వాత చేర్చారు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా అర్థాలు వాటంతటవే విడిపోతాయి.

లాటిన్‌లో మెడను కొల్లుమ్ అనేవారు. అది ఫ్రెంచిలో కొల్ అయింది. దానికి చిన్నదనాన్ని చెప్పే 'ఎట్' చేరి కొలెట్ పుట్టింది. చిన్న మెడ అని ఒక అర్థం, మెడ చుట్టూ ఉండే చిన్న పట్టీ అని ఇంకొకటి. బుల్లెట్ అంటే చిన్న బంతి, టాబ్లెట్ అంటే చిన్న పలక. వాటి చివర ఉన్నదీ ఇదే ఎట్. ఇప్పటి ఫ్రెంచివాళ్లు చివరి టకారాన్ని పలకరు, 'కొలే' అంటారు. ఇంగ్లిష్‌లోకి ఇది 16వ శతాబ్దంలో వచ్చింది, ఆ టకారం అక్కడ నిలిచిపోయింది. ఇంగ్లిష్‌వాళ్ల నోట కాలిట్‌కు దగ్గరగా వినిపిస్తుంది. తెలుగులో కాలెట్ అంటాం, కొందరు కోలెట్ అని కూడా అంటారు. ఏది అన్నా తప్పేం లేదు.

కొల్లుమ్ సంతానం పెద్దదే. చొక్కా కాలర్ అందులోదే. మెడ ఒక పక్కకు బిగుసుకుపోయే జబ్బును డాక్టర్లు టార్టికాలిస్ అంటారు కదా, అదీ ఇదే కుటుంబం. సన్మానం, ప్రశంస అన్న అర్థంలో వాడే అకొలేడ్‌కు మూలార్థం మెడ చుట్టూ చేతులు వేసి కౌగిలించుకోవడం. వీరుడికి నైట్ బిరుదు ఇచ్చేటప్పుడు రాజు అలా చేసేవాడు, దానిమీదే ఆ పేరు స్థిరపడింది. రెండు శిఖరాల మధ్య కిందికి దిగిన కనుమను పర్వతారోహకులు కోల్ అంటారు, అదీ మెడే. ఇంకా వెనక్కి వెళితే, కొల్లుమ్ 'తిరగడం' అన్న అర్థం ఉన్న ఒక ప్రాచీన ధాతువు నుంచి వచ్చిందని చాలామంది భాషావేత్తలు చెబుతారు. తల దేనిమీద తిరుగుతుందో అది మెడ. ఇంగ్లిష్‌లో చక్రాన్ని చెప్పే వీల్ కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. లేత్‌లో గిరగిరా తిరిగే భాగానికి చివరికి ఈ పేరే అంటుకోవడం కాకతాళీయమే అనుకోండి, కానీ నాకు భలే ముచ్చటేస్తుంది.

ఇంగ్లిష్‌లో ఈ మాట మొదట్లో కుదురుకున్న అర్థాల్లో ముఖ్యమైనది నగల పనిది. ఉంగరంలో రాయి కూర్చునే లోహపు పట్టీని కాలెట్ అన్నారు. ఎందుకన్నారో ఆకారం చూస్తే తెలుస్తుంది. సన్నటి బంగారు రేకును రింగులా వంచి, రెండు కొసలూ అతికి, కింద ఇరుకు పైన వెడల్పు వచ్చేలా సాగదీస్తారు. ఈ సాగదీయడానికి కాలెట్ బ్లాక్ అని ప్రత్యేకంగా ఒక పనిముట్టు ఉంది. అది శంకువు ఆకారపు గుంటలున్న ఉక్కు దిమ్మ, దానికి జోడీగా అదే వాలున్న పంచ్. రింగును గుంటలో పెట్టి పంచ్‌తో కొడితే ఆ వాలు దిగుతుంది. తర్వాత లోపలి అంచులో రాయి ఆనడానికి ఒక మెట్టు కోస్తారు. రాయిని దానిమీద కూర్చోబెట్టి, పైఅంచును చుట్టూ లోపలికి ఒత్తుతారు. రాయి తల అనుకుంటే దాని కింద నిలబడ్డ కాలర్ ఇది. పట్టు ఇక్కడే మొదలైంది, అయితే ఇది ఒకసారి ఒత్తాక విడవని పట్టు. రాయి తీయాలంటే అంచును మళ్లీ పైకి లేపాల్సిందే.

బెజెల్ అన్నా ఇదే కదా అని మీకు అనుమానం రావచ్చు. చాలా మంది రెంటినీ కలిపే వాడతారు. తేడా పాటించేవాళ్లు మాత్రం గోడ నిటారుగా ఉంటే బెజెల్ అనీ, కిందికి సన్నబడుతూ రాయిని ఎత్తుగా నిలబెడితే కాలెట్ అనీ అంటారు. కాలెట్‌లో కూర్చోబెట్టిన రాళ్లను వరసగా గొలుసు కలిపితే దాన్ని కాలెట్ నెక్లెస్ అంటారు. విక్టోరియా రాణి కోసం 1858లో గరార్డ్ సంస్థ చేసిన వజ్రాల హారం ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. మెడ చుట్టూ 25 వజ్రాలు, కింద వేలాడుతూ 22.48 క్యారెట్ల లాహోర్ వజ్రం. 1953లో రెండో ఎలిజబెత్, 2023లో కామిల్లా పట్టాభిషేకాల్లో వేసుకున్నది అదే. ఆ పేరును అర్థం విడదీసి చదివితే 'చిన్న మెడపట్టీల మెడపట్టీ' అని వస్తుంది, గమనించారా?

నగల దగ్గరే ఒక చిక్కు కూడా ఉంది, జాగ్రత్తగా ఉండండి. వజ్రానికి అట్టడుగున ఉండే చిన్న ముఖాన్ని క్యూలెట్ అంటారు. వినడానికి అన్నదమ్ముల్లా ఉన్నా, అది వేరే ఇంటిది. ఫ్రెంచిలో అడుగు, పిర్ర అన్న అర్థమున్న 'క్యు' నుంచి వచ్చింది. పాత ఇంగ్లిష్ వజ్రాల పుస్తకాల్లో ఆ అడుగు ముఖాన్నే కాలెట్ అని రాసిన చోట్లున్నాయి, పాఠకుల బుర్ర తినడానికి. మీకు ఎక్కడైనా 'వజ్రపు కాలెట్ ఇంత చిన్నదిగా ఉండాలి' అని కనిపిస్తే, అక్కడ చెబుతున్నది గూడు గురించి కాదు, రాయి అడుగు గురించి అని పట్టుకోండి.

ఇప్పుడు మీ పనికి వద్దాం. వాచీలో బ్యాలన్స్ వీల్‌ను అటూ ఇటూ ఊపేది హెయిర్ స్ప్రింగ్. హాలండ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1675లో సర్పిలాకారపు స్ప్రింగును వాచీకి తెచ్చాడు. ఆ స్ప్రింగుకు రెండు కొసలు. బయటి కొస స్టడ్ అనే కదలని చిన్న ముక్కకు, లోపలి కొస తిరిగే ఇరుసుకు బిగించాలి. ఆ ఇరుసును బ్యాలన్స్ స్టాఫ్ అంటారు. వెంట్రుకంత స్ప్రింగును నేరుగా ఇరుసుకు బిగిస్తే తర్వాత సర్దడానికి వీలుండదు. అందుకని మధ్యలో ఒక చిన్న ఇత్తడి రింగు పెట్టారు. దాని పక్కన సన్న రంధ్రం ఉంటుంది, స్ప్రింగు లోపలి కొసను అందులో దూర్చి చిన్న పిన్నుతో బిగిస్తారు. రింగు మాత్రం ఇరుసు మీద కేవలం బిగుతు వల్ల నిలుస్తుంది. అదే మీ మాస్టారు చెప్పిన కాలెట్.

దానికి ఒక పక్క చీలిక ఎందుకుంటుందో ఆలోచించారా? చీలిక లేకపోతే రింగు ఇరుసు కంటే ఏమాత్రం చిన్నదైనా ఎక్కదు, ఏమాత్రం పెద్దదైనా జారిపోతుంది. చీలిక ఉంటే అది కొంచెం విచ్చుకుని ఎక్కి, తిరిగి ముడుచుకుని పట్టుకుంటుంది. ఈ అమరిక వల్ల ఇంకో లాభం కూడా ఉంది. వాచీ ఆగి ఉన్నప్పుడు ఇంపల్స్ పిన్, అంటే బ్యాలన్స్‌కు తోపు అందించే చిన్న పిన్ను, సరిగ్గా మధ్యలో ఉండాలి. లేకపోతే టిక్‌కూ టాక్‌కూ మధ్య ఎడం సమానంగా రాదు, దాన్నే బీట్ తప్పడం అంటాం. స్టడ్‌ను జరిపే ఏర్పాటు లేని పాత వాచీల్లో దీన్ని సరిచేయాలంటే కాలెట్‌నే ఇరుసు మీద కొంచెం తిప్పాలి. చీలికలో సన్నటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, బ్యాలన్స్‌ను కదలకుండా పట్టుకుని, వెంట్రుకవాసి తిప్పుతారు. మీరింకా ఆ పాఠానికి రాకపోతే త్వరలోనే వస్తారు, దానికి కొంత ఓపిక దాచుకోండి. మొన చీలికలోకి మరీ లోతుగా తోస్తే రింగు విచ్చుకుపోయి పట్టు వదిలేస్తుంది, ఆపైన మీరు బీట్ ఎంత సరిచేసినా నిలవదు. ఇంకో సంగతి, ఒక పక్క చీలిక ఉండటం వల్ల రింగు బరువు అన్ని వైపులా సమానంగా ఉండదు. అందుకే చాలా ఆధునిక వాచీల్లో చీలిక లేని, బరువు సమంగా పంచిన కాలెట్లు వస్తున్నాయి, స్ప్రింగును వాటికి లేజర్‌తో అతుకుతారు.

అంటే ఒకే మాట నగల బల్ల నుంచి వాచీ బల్లకు వచ్చేసరికి మారిందేమిటో చూడండి. నగలో చుట్టూ ఉండే లోహం, లోపల రాయి. వాచీలోనూ చుట్టూ ఉండే లోహమే, లోపల ఇరుసు. కొత్తగా చేరినది చీలిక. దానితోపాటు విచ్చుకుని, ముడుచుకుని, మళ్లీ వదిలే గుణం వచ్చింది. మెషీన్ కాలెట్‌కు ప్రాణం సరిగ్గా ఈ గుణమే. నగలవాళ్లూ వాచీలవాళ్లూ పక్కపక్కన ఒకే రకం పనిముట్లతో పనిచేసినవాళ్లు కాబట్టి మాట ఈ దారిలోనే నడిచిందని నా అంచనా.

మెషీన్ కాలెట్ ఎలా పనిచేస్తుందో మీ అన్నయ్య చూపించే ఉంటారు, అయినా రెండు మాటలు చెబుతాను. అది ఒక ఉక్కు గొట్టం. ఒక కొస నుంచి పొడవునా మూడో నాలుగో, ఇంకా ఎక్కువో చీలికలు. బయటివైపు వాలుగా ఉంటుంది. అదే వాలున్న గూటిలోకి దాన్ని వెనక నుంచి లాగినా, ముందు నుంచి నట్‌తో నొక్కినా చీలికల మధ్య ఉన్న రేకులన్నీ ఒక్కసారిగా లోపలికి ముడుచుకుంటాయి. లోపల ఉన్న కడ్డీని చుట్టూ సమానంగా నొక్కుతాయి. కడ్డీని దవడలతో పట్టే పరికరం చక్, మూడు దవడల చక్‌లో మూడు చోట్లే పట్టు, పైగా దవడలు అరిగిన కొద్దీ కేంద్రం తప్పుతుంది. కాలెట్‌లో దాదాపు చుట్టుకొలత అంతా పట్టే, అందుకే కుదురు బాగా నిలుస్తుంది. మంచి కాలెట్‌లో కేంద్రం తప్పడం మిల్లీమీటర్‌లో వందో వంతుకు మించదు.

దానికి చెల్లించే వెల కూడా ఉంది. చక్ ఏ సైజునైనా పట్టుకుంటుంది, కాలెట్‌కు మాత్రం తన సైజే. లేత్‌ల మీద బాగా కనిపించే 5సి కాలెట్‌ను దాని మీద రాసిన కొలతకే వాడాలి. తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసే మిల్లింగ్‌లో ఎక్కువగా వాడే ఈఆర్ కాలెట్ ఇంకొంచెం ఉదారమైనది. స్విట్జర్లాండ్‌కు చెందిన రెగో-ఫిక్స్ సంస్థ 1970ల మొదట్లో తెచ్చిన రకం అది, ఇప్పుడు డిఐఎన్ 6499, ఐఎస్ఓ 15488 ప్రమాణాల కింద అందరూ చేస్తున్నారు. ఒక్కో పక్క 8 డిగ్రీల వాలు. చాలా సైజుల్లో ఒక మిల్లీమీటర్ వరకు ముడుచుకోగలదు. ముడుచుకుంటుంది కదా అని ప్రతిసారీ చివరి అంచు దాకా బిగిస్తే రేకులు ముందువైపు మాత్రమే ఆని, వెనక ఖాళీగా ఉండిపోతాయి. కట్టర్ వణుకుతుంది, కాలెట్ త్వరగా పాడవుతుంది. ఇంకొకటి, ఈఆర్ కాలెట్‌ను ముందు నట్‌లో కొంచెం వంచి క్లిక్‌మనేలా ఎక్కించి, ఆ తర్వాతే స్పిండిల్‌లో, అంటే మెషీన్ తిరిగే ఇరుసులో పెట్టాలి. నేరుగా స్పిండిల్‌లో పడేసి పైన నట్ బిగిస్తే కేంద్రం తప్పుతుంది, విప్పేటప్పుడు కాలెట్ లోపలే ఇరుక్కుంటుంది కూడా. కొత్తవాళ్లలో సగం మంది చేసేది ఇదే. మీ అన్నయ్యకు తెలిసే ఉంటుంది, మీరు ఎప్పుడైనా ఆయన మెషీన్ ముట్టుకుంటే మీకు పనికొస్తుందని చెబుతున్నాను.

ఇక్కడ మాటల చరిత్రకు సంబంధించిన సరదా మెలిక ఒకటుంది. ఇప్పుడు మనం లేత్ కాలెట్ అంటున్న దాన్ని బాగా ముందుకు తెచ్చినవాళ్లలో వాచీల తయారీవాళ్లున్నారు. 1850ల చివర్లో అమెరికాలో చార్ల్స్ మోస్లీ అనే ఆయన బోలు స్పిండిల్, దానిలోకి వెనక నుంచి లాగే చీలికల చక్ ఉన్న వాచీ లేత్‌ను రూపొందించాడు. 1880ల చివర్లో వాల్థమ్‌లో తయారైన వెబ్‌స్టర్-విట్‌కూంబ్ లేత్ 8 మిల్లీమీటర్ల రకాన్ని స్థిరపరిచింది. ఆ సైజునే ఇవాళ్టికీ వాచీ లేత్‌లలో వాడుతున్నారు. మీ బల్ల మీద ఉన్నది బహుశా అదే కావచ్చు. కానీ ఆ అమెరికన్ వాచీ పనివాళ్లు దాన్ని కాలెట్ అనలేదు. వైర్ చక్ అనేవారు, స్ప్లిట్ చక్ అనేవారు. వాళ్ల బల్ల మీద కాలెట్ అన్న పేరు అప్పటికే హెయిర్ స్ప్రింగ్ రింగుకు పోయింది. ఒకే బల్ల మీద రెండింటికీ ఒకే పేరుంటే పని సాగదు కదా. నేను ఇలా అర్థం చేసుకున్నాను. పాత వాచీ పుస్తకాలు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి, లేకపోతే చక్ అన్న ప్రతిచోటా దవడల చక్‌ను ఊహించుకుని తికమకపడతారు. చక్ అన్న మాట వంశం కూడా వేరే, చెక్క దిమ్మను చెప్పే చాక్ అన్న ఇంగ్లిష్ మాటకు అది మరో రూపం.

పెద్ద మెషీన్ల దగ్గర ఆ ఇబ్బంది లేదు, అక్కడ కాలెట్ అన్న పేరు ధైర్యంగా పాతుకుపోయింది. ఆ తర్వాత వాలు, చీలిక, ముడుచుకోవడం అన్న మూడూ ఎక్కడ కలిసినా అదే పేరు పెట్టేశారు. లెడ్ వేసుకునే పెన్సిళ్లలో మొన దగ్గర మూడు ముక్కలుగా విచ్చుకునేది కాలెట్టే. నీళ్ల ఫిల్టర్‌కు ప్లాస్టిక్ ట్యూబు దూర్చే ఫిటింగు మూతి దగ్గర చిన్న రింగు ఉంటుంది చూడండి, అది చాలా తెలివైన కాలెట్. లోపల దానికి పళ్లుంటాయి. ట్యూబును బయటకు లాగినకొద్దీ రింగు వాలులోకి జరిగి ఇంకా గట్టిగా కరుస్తుంది. విప్పాలంటే ట్యూబును లాగడం మాని, ముందు రింగును లోపలికి నొక్కాలి. ఈ సంగతి తెలియక ప్లయర్‌తో లాగి ట్యూబు పీకేసేవాళ్లను చాలామందిని చూశాను. ఇంజిన్‌లో వాల్వ్ కాడ మీద స్ప్రింగు పైపళ్లేన్ని ఆపే రెండు అర్ధ శంకువు ముక్కలున్నాయి, వాటినీ బ్రిటిష్ పుస్తకాల్లో కాలెట్లనే అంటారు. అమెరికన్లు కీపర్లు అంటారు, మెకానిక్‌లు చాలాచోట్ల వాల్వ్ లాకులు అంటారు. అది చిన్న ముక్కే గానీ, సరిగ్గా కూర్చోకుండా ఊడిందంటే వాల్వ్ సిలిండర్‌లో పడి ఇంజిన్ పోతుంది.

ఈ పేరును పుట్టించిన ఫ్రెంచివాళ్లు మాత్రం ఏం చేశారో చూస్తే మీరు నవ్వుకుంటారు. మెషీన్ కాలెట్‌ను వాళ్లు కొలే అనరు, 'పాన్స్' అంటారు, అంటే పటకారు. హెయిర్ స్ప్రింగ్ కాలెట్‌నూ కొలే అనరు, 'విరోల్' అంటారు. జర్మన్లూ మెషీన్ దాన్ని 'ష్పాన్‌త్సాంగె' అంటారు, బిగించే పటకారు అని. రష్యన్లు ఆ జర్మన్ మాటలోని రెండో సగాన్నే తీసుకుని 'త్సాంగ' అంటున్నారు. మెషీన్ కాలెట్‌కు వీళ్లందరూ అది చేసే పనిని చూసి పేరు పెట్టారు. ఇంగ్లిష్‌వాళ్లు మాత్రం దాని ఆకారాన్ని చూసి పెట్టారు. అందుకే మీరు ఫ్రెంచి వాచీ పుస్తకంలో కొలే కోసం వెతికితే దొరకదు.

మరి ఫ్రెంచిలో కొలే దేనికి మిగిలింది? బట్టల మెడపట్టీకి మిగిలింది. ఎవరినైనా దొరకబుచ్చుకుంటే 'కొలే పట్టుకున్నారు' అంటారు, మనం కాలర్ పట్టుకున్నాడు అన్నట్టే. మనకైతే మెడ పట్టి బయటికి గెంటడానికి అర్ధచంద్ర ప్రయోగం అని ముచ్చటైన పేరే ఉంది. మరీ బిగదీసుకుని పద్ధతులు వల్లించేవాళ్లను 'ఎత్తిన కొలే' అంటారు. పూర్వం అట్టా తీగా పెట్టి నిలబెట్టిన గట్టి కాలర్ల నుంచి వచ్చిందది. కుందేళ్లకు పన్నే తీగ ఉచ్చును కూడా కొలే అంటారు. ఇందులోనైతే పట్టుకోవడం మరీ ఎక్కువ, కానీ ఆ పేరు వచ్చింది ఉచ్చు మెడకు పడుతుంది కాబట్టే. పంటికి చిగురు దగ్గర సన్నబడే భాగమూ కొలే. మొక్కలో వేరు ముగిసి కాండం మొదలయ్యే చోటూ కొలే.

ఆ చివరి అర్థం ఇంగ్లిష్ వృక్షశాస్త్రంలోకి కాలెట్‌గానే వచ్చింది. మొలకలో వేరుకూ దాని పైభాగానికీ మధ్య ఉండే సంధి అది. కొన్ని మొలకల్లో అక్కడ చుట్టూ సన్నటి నూగు వస్తుంది, దాన్ని కాలెట్ హెయిర్స్ అంటారు. ఇక్కడ పట్టే వస్తువూ లేదు, పట్టుబడే వస్తువూ లేదు, ఒట్టి మెడ మాత్రమే ఉంది. మాటకు ఆకారమే మూలమన్న నా వాదనకు ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు. అదే శాస్త్రంలో కొలీటర్ అని ఇంకో మాట తగులుతుంది, లేత మొగ్గల దగ్గర జిగురు స్రవించే గ్రంథి అని అర్థం. దానికీ దీనికీ చుట్టరికం లేదు, అది జిగురును చెప్పే గ్రీకు మాట నుంచి వచ్చింది.

గాజు పనిలో ఈ మాట వేషం మార్చుకుని తిరుగుతోంది. ఊదుడు గొట్టం చివర వస్తువును తయారుచేసి విరిచి తీసేశాక, గొట్టానికి కొంచెం గాజు మెడలా అంటుకుని మిగిలిపోతుంది. దాన్ని కాలెట్ అన్నారు. దాన్ని పారేయకుండా మళ్లీ కొలిమిలో వేసి కరిగిస్తారు. రానురాను కరిగించడానికి దాచిన ఏ గాజు ముక్కనైనా ఆ పేరుతోనే పిలవడం మొదలైంది, పలుకుబడి కొంచెం జారి కల్లెట్ అయింది. ఇప్పుడు గాజు ఫ్యాక్టరీల్లో పగిలిన సీసాల పెంకులన్నీ కల్లెట్టే. ముడిసరుకులో ప్రతి 10 శాతం కల్లెట్‌కు ఇంధనం సుమారు 2.5 నుంచి 3 శాతం ఆదా అవుతుందని ఆ రంగంలో లెక్క. గాజు వాళ్లలో ఎవరికీ అది ఒకప్పుడు మెడ అన్న సంగతి గుర్తుండదు, గుర్తుండాల్సిన అవసరమూ లేదనుకోండి.

ఇంగ్లిష్ ఇంటిపేర్లలో కనిపించే కాలెట్‌ను మాత్రం ఈ జాబితాలో చేర్చకండి. అది నికొలస్ అన్న పేరుకు ముద్దుపేరు నుంచి వచ్చిందని సాధారణంగా చెబుతారు.

ఇక ఫెర్రూల్. దానికి తెలుగులో చక్కటి పాత మాట ఉంది, పొన్ను. కర్ర చివర చీలకుండా వేసే లోహపు కట్టు. పెన్సిల్ చివర రబ్బరును పట్టుకున్న రేకు, పెయింట్ బ్రష్ వెంట్రుకలను పిడికి బిగించిన రేకు, కరెంటు వైరు పోగులు చెదరకుండా తొడిగే చిన్న గొట్టం, ఆప్టికల్ ఫైబర్ కనెక్టర్‌లో 2.5 లేదా 1.25 మిల్లీమీటర్ల వ్యాసమున్న పింగాణీ గొట్టం, అన్నీ ఫెర్రూళ్లే. దాని పుట్టుక చేతి కడియం దగ్గర. లాటిన్‌లో విరియొల అంటే చిన్న కడియం, అది ఫ్రెంచిలో విరోల్ అయింది, ఇంగ్లిష్‌లో వెరెల్ అయింది. ఇనుముతో చేస్తారు కదా అని ఇనుమును చెప్పే లాటిన్ మాట ఫెర్రుమ్ దాని మీద నీడ వేయడంతో 'వె' కాస్తా 'ఫె' అయింది. బడిపిల్లల్ని కొట్టే బెత్తానికి ఇంగ్లిష్‌లో ఉన్న ఫెరూల్ అన్న పేరు మళ్లీ వేరు, అది ఒక మొక్క కాడ పేరు.

ఆ విరోల్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఫ్రెంచివాళ్లు హెయిర్ స్ప్రింగ్ కాలెట్‌ను పిలిచేది ఈ మాటతోనే అని పైన చెప్పాను. కాబట్టి ఫెర్రూల్, కాలెట్ రెండూ ఒకటేనా అన్న మీ అనుమానం మరీ పిచ్చిదేం కాదు, ఒక భాషలో వాచీల బల్ల మీద అవి నిజంగానే ఒకటి. ఇంగ్లిష్‌లో మాత్రం పనివాళ్లు గీత గీశారు. ఫెర్రూల్‌ను నొక్కో, అతికో, కొట్టో ఒకసారి బిగిస్తారు, తీస్తే సాధారణంగా పాడవుతుంది. మెషీన్ కాలెట్ స్ప్రింగులా పనిచేస్తుంది, వదిలితే మళ్లీ విచ్చుకుంటుంది. ఈ లెక్కన నగల కాలెట్ గుణంలో ఫెర్రూల్‌కే దగ్గర, అయినా పాత పేరును వదల్లేదు. మీ కోర్సు నోట్సులో రాసుకోవాలంటే 'హెయిర్ స్ప్రింగ్ కాలెట్' అని పూర్తిగా రాయండి, లేత్ దాన్ని 'లేత్ కాలెట్' అనండి. ఒట్టి కాలెట్ అని రాస్తే నాలుగు నెలల తర్వాత మీకే అర్థం కాదు. స్విస్ విడిభాగాల జాబితాలు చూసేటప్పుడు విరోల్ అన్న పేరు కిందే వెతకండి.

ఇంపల్స్ పిన్ మధ్యకు రావడం లేదని మీ ప్రశ్న చివర్లో ఒక వాక్యం రాశారు. బ్యాలన్స్ ఫొటోను పై నుంచి, హెయిర్ స్ప్రింగ్ పిన్నూ కాలెట్ చీలికా రెండూ కనిపించేలా తీసి పెట్టండి. స్టడ్‌ను పట్టుకునే స్టడ్ క్యారియర్ జరిగే రకమో కాదో చూస్తే, అసలు కాలెట్‌ను తిప్పాల్సిన పనుందో లేదో చెప్పొచ్చు.